తిత్తి లేని పెట్టె

సెప్టెంబరు 6, 1985. శుక్రవారం. నంద్యాల.

ఈ డైరీ నాకు కొత్తగా ఏజెన్సీ ఇచ్చిన కంపెనీవాళ్లు పంపారు. ఏడాదిలో ఎనిమిది నెలలు గడిచిపోయాక కొత్త డైరీ పంపడం ఏం తెలివో వాళ్లకే తెలియాలి. అట్టమీద బంగారు అక్షరాలతో 'మెలోరా' అని ఉంది. పారెయ్యడానికి మనసొప్పలేదు. జనవరి నుంచి ఆగస్టు దాకా తెల్లగా వదిలేసి, ఇక్కడ మొదలుపెడుతున్నాను.

పెట్టె కూడా ఇవాళే వచ్చింది. బొంబాయి నుంచి లారీ పార్సెలు. ఎలక్ట్రానిక్ కీబోర్డు. నల్లగా నిగనిగలాడుతోంది. హార్మోనియానికి ఉన్నట్టే తెల్ల మెట్లూ నల్ల మెట్లూ ఉన్నాయి గానీ తిత్తి లేదు, గాలి కొట్టే పని లేదు. పైన వరసగా బొత్తాలు. ఒకటి నొక్కితే డప్పు మొదలవుతుంది. ఇంకొకటి నొక్కితే అదే ఒక పాట మొత్తం వాయించేస్తుంది, మనం చేతులు కట్టుకుని నిలబడొచ్చు! వెంట ఒక కట్ట కరపత్రాలు. నల్లకళ్లద్దాల పిల్ల సముద్రం ఒడ్డున దీన్ని వాయిస్తూ నవ్వుతోంది. కింద ఇంగ్లీషులోనూ హిందీలోనూ, 'ఒక్క వేలు చాలు! నేర్చుకోనక్కర్లేదు!' అని.

నాయన రంగయ్య పెట్టిన హార్మోనియం అంగడి ఇది. ఆయన కాలంలో హార్మోనియం కోసం కొత్తపల్లె నుంచి, డోను నుంచి వచ్చేవాళ్లు. ఇప్పుడు అందరికీ టేప్ రికార్డర్లు కావాలి. బేతంచెర్లలో మా బావ, బండల ఫ్యాక్టరీలో నాకు గుమాస్తా ఉద్యోగం చూసిపెట్టి ఎప్పుడొస్తావని కబురు మీద కబురు పంపుతున్నాడు. ఈ పెట్టె ఆడితే ఆ బండల మొహం చూసే పని ఉండదు. ఆడుతుంది. ఎందుకాడదు?

శాంతయ్య దాన్ని ఒక చుట్టు చూశాడు. తొమ్మిదేళ్లుగా మా అంగట్లో హార్మోనియాలు బాగుచేసేది ఆయనే.

"తిత్తి యాడుందప్పా దీనికి?" అన్నాడు.

"లేదన్నా. కరెంటుతో పనిచేస్తాది."

"ఊపిరి ల్యాకుండా పాడేది ఏముంటాదిలే" అని తన పనిలోకి వెళ్లిపోయాడు.

శాంతయ్య గురించి నాకు తెలియనిది లేదు. కొత్తది ఏదొచ్చినా మొదట ఇలాగే అంటాడు.


సెప్టెంబరు 9.

అద్దాల బీరువాలో పెట్టాను. గాంధీ చౌకు వైపు పోయేవాళ్లందరూ ఆగి చూస్తున్నారు. ఒకాయన రేపు వచ్చి తీసుకుంటానన్నాడు.


సెప్టెంబరు 10.

రాలేదు. వాన పడింది కదా.


సెప్టెంబరు 14. శనివారం.

శనివారం భజనకు పెట్టెను తీసుకుపోయాను. అక్కడ హార్మోనియం వాయించేది బట్టల అంగడి హనుమంతయ్య. ఆయన ముందు కూర్చోకుండా ఈ ఊళ్లో భజన మొదలుకాదు. కరపత్రంలో ఉన్నట్టే చెప్పాను. నేర్చుకోనక్కర్లేదు, చిన్నపిల్లలైనా ఒక్క వేలితో వాయించొచ్చు అని. చూపించడానికి పాట బొత్తాం నొక్కాను. అది వాయించుకుంటూ పోయింది. అందరూ నోరు తెరిచి చూశారు. హనుమంతయ్య ఒక్కడే చూడలేదు.

"అంటే ముప్పైయేండ్లు నేను నేర్చుకున్న్యది యేట్లో కలిసినట్టేనా సంజీవయ్యా?" అన్నాడు.

"అట్ల కాదు మామా..."

"ఏందీ కాదు? దాన్నే కూచోబెట్టి భజన చేసుకోపోండి. నేను ఇంట్లో పండుకుంటా."

అందరూ ఆయన వైపే మాట్లాడారు. పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చేశాను. ఆయనకు కుళ్లు. తన చోటు పోతుందని కుళ్లు. అంతకంటే ఏం లేదు.


సెప్టెంబరు 27.

ప్రచార మాసం అని కంపెనీ ఉత్తరం. మైకు పెట్టిన జీపు పంపుతాం, బొంబాయి నుంచి వాయించే మనిషిని పంపుతాం, గుడ్డ బ్యానర్లు పంపుతాం అని రాశారు. ఇక దిగులు లేదు. ముందే ఈ పని చేసుంటే హనుమంతయ్య దగ్గర మాట పడేవాణ్ని కాదు.


అక్టోబరు 3.

స్టిక్కర్లు వచ్చాయి. జీపు రాలేదు, మనిషి రాలేదు, బ్యానర్లు రాలేదు. స్టిక్కర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. బడిపిల్లలు వచ్చి అడిగి తీసుకుపోయి సైకిళ్ల మడ్‌గార్డులకు అంటించుకున్నారు. నంద్యాలలో ఇప్పుడు మెలోరా సైకిళ్లు తిరుగుతున్నాయి.


అక్టోబరు 4. శుక్రవారం.

ఆళ్లగడ్డ పోయి వచ్చాను. చెయ్యి నొప్పిగా ఉంది. పెట్టెను ఒళ్లో పెట్టుకుని శిరివెళ్ల మీదుగా బస్సులో వెళ్లి, బస్టాండు పక్కన సోడా అంగడివాణ్ని బతిమాలి కరెంటు వైరు తీసుకున్నాను. బల్ల వేశాను. జనం బాగా మూగారు. నాకు ఉత్సాహం వచ్చింది. పాట బొత్తాం నొక్కి, రెండు చేతులూ పైకెత్తి చూపించాను, నేను వాయించడం లేదు చూడండి అని.

అక్కడే చెడింది. తలపాగా ఆయన ఒకడు పెట్టె మీదికి వంగి చెవి పెట్టి విన్నాడు.

"లోపల టేపు పెట్టినాడ్రా ఈయప్ప" అన్నాడు.

టేపు లేదని ఎంత చెప్పినా వినరే! వాయించకుండా పాట వస్తే అది టేపు కాక ఇంకేందీ అని అందరూ ఆయన మాటే పట్టుకున్నారు. సరే, చేత్తో వాయించి చూపిద్దామని మెట్ల మీద వేళ్లు పెట్టానో లేదో కరెంటు పోయింది. పెట్టె నోరు మూసుకుంది.

"చూసినారా! కరెంటు పోతానే పాటా పాయ! టేపే!"

నవ్వులు. సోడా అంగడివాడు కూడా నవ్వాడు. కరెంటు వస్తుందేమోనని సాయంత్రం దాకా కూర్చున్నాను. రాలేదు. ఇంటికొచ్చి మా ఆవిడ సుబ్బలక్ష్మికి బాగానే జరిగిందని చెప్పాను. నా మొహం చూసి కాపడానికి నీళ్లు కాచింది.

ఎంతమంది చూశారో! ఒక ఊళ్లో అంతమంది చూడటం కూడా ప్రచారమే కదా.


అక్టోబరు 24.

దసరా అయిపోయింది. కంపెనీ ఉత్తరం. డిసెంబరు 31 లోపల ఒక్క పెట్టెయినా అమ్మకపోతే నమూనా పెట్టె వెనక్కి తీసుకుని, ఏజెన్సీ కర్నూలువాళ్లకు ఇస్తారట. మార్కెట్టులో మీ శ్రద్ధ కనబడటం లేదు అని రాశారు. శ్రద్ధ! జీపు పంపనివాళ్లు నా శ్రద్ధ గురించి మాట్లాడతారు.

శాంతయ్యకు చదివి వినిపించాను. మన అంగడి మూసుకోవాల్సి వస్తుందన్నా, అన్నాను. ఆయన హార్మోనియం రీడు గీకుతూనే ఉన్నాడు. "నీ తలకాయ ఆ పెట్టెలో పెట్టి మూసినావు గదప్పా. తిత్తి చేసేది ఏందో దానికి తెల్ల్యా, నీకూ తెల్ల్యా" అన్నాడు.

ఒళ్లు మండింది. ఇంత చనువు ఇచ్చింది నేనే.


నవంబరు 8. శుక్రవారం.

దీపావళికి అంగడి దులుపుతూ సుబ్బలక్ష్మి పెట్టెను బోర్లా తిప్పి తుడిచింది. నేనేమో పగలగొడుతుందని అరుస్తున్నాను.

"ఇది చూడండి ఇంత" అంది. "టార్చిలైటుకు ఉన్నట్టు కింద మూతుంది."

మూత లాగితే లోపల సెల్లులు పెట్టే గాడి! పెద్ద సెల్లులు, టార్చిలో వేసేవే. పక్కంగట్లో తెచ్చి వేశాను. వైరు పీకేసి మెట్టు నొక్కాను. పలికింది.

కరపత్రం మళ్లీ మొత్తం చదివాను. నల్లకళ్లద్దాల పిల్ల ఉంది, సముద్రం ఉంది, వంద తాళాలు ఉన్నాయి. సెల్లుల ముక్క ఎక్కడా లేదు. రోజూ కరెంటు పోయే ఊళ్లకు చెప్పాల్సిన మాట అదొక్కటే, అది మాత్రం వాళ్లు రాయలేదు. నేనైనా రెండు నెలలుగా ఒక్కసారి దాన్ని బోర్లా వేసి చూశానా? ఆళ్లగడ్డ బస్టాండులో నవ్వించుకుని వచ్చాను గానీ.

సుబ్బలక్ష్మికి దీపావళికి మంచి చీర కొనాలి.


నవంబరు 17. ఆదివారం.

నేను ఇవాళ చూసింది రాయకుండా పడుకోలేను.

క్రిస్మస్‌కు చర్చివాళ్లు కొంటారేమో అడుగుదామని ఆళ్లగడ్డ పోయాను. పెట్టె తీసుకుపోలేదు, ఉత్త చేతులతోనే పోయాను. పాస్టరు యేసుదాసు అయ్యగారు లోపల ఆరాధనలో ఉన్నారు. బయట చెప్పులు విడిచే చోట నిలబడ్డాను. పాట వినబడుతోంది. సాగదీసి సాగదీసి, ఆడవాళ్లు ఒక గుక్క ముందు, మగవాళ్లు ఒక గుక్క వెనక. హార్మోనియం వాళ్లందరినీ కలుపుకుని పోతోంది. పాటలో బరువు వచ్చిన చోట ఉబ్బుతోంది, తగ్గాల్సిన చోట తగ్గుతోంది. ఈ వాయించేదెవరో గట్టి మనిషి అనుకుని తొంగిచూశాను.

చాప మీద తెల్లచీర కట్టుకున్న పెద్దామె. కుడిచెయ్యి మెట్ల మీద పరుగెత్తుతోంది. ఎడమచెయ్యి ఒళ్లో పడి ఉంది, కదలడం లేదు. మరి తిత్తి ఎవరు వేస్తున్నారు? ఆమెకు ఎదురుగా, నాకు వీపు పెట్టి ఒకాయన కూర్చుని హార్మోనియం వెనకవైపు నుంచి తిత్తి లాగి వదులుతున్నాడు. ఆయన ఆమె వేళ్ల వంక చూడటం లేదు, ఆమె మొహం వంకే చూస్తున్నాడు. ఆమె పీల్చినప్పుడు లాగుతాడు, విడిచినప్పుడు వదులుతాడు. మధ్యలో ఒకసారి చెయ్యి మార్చుకుని భుజం పట్టుకున్నాడు. అప్పుడు మొహం కనబడింది.

శాంతయ్య.

ఆరాధన అయ్యాక అయ్యగారే చెప్పారు. ఆమె దానమ్మ టీచరమ్మ, శాంతయ్యకు అక్క. ఎన్నో ఏళ్లుగా ఆ చర్చిలో ఆమే వాయిస్తుంది. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి శాంతయ్య ప్రతి ఆదివారం మొదటి బస్సుకు వచ్చి తిత్తి వేస్తున్నాడట. "ఇంకెవరు ఏసినా టీచరమ్మకు కుదర్ల్యా. ఇప్పుడు శాంతయ్యకూ భుజం లేస్తా లేదు. క్రిస్మస్‌కు ఎట్లనో ఏమో" అన్నారు.

తొమ్మిదేళ్లు. ఆదివారం ఎక్కడికి పోతావన్నా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

ఆయన నన్ను చూడలేదు. ఆయన కంటపడకుండానే బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. మా పెట్టెకు తిత్తి అక్కర్లేదు. ఒంటి చెయ్యి చాలు!


నవంబరు 18.

సంతోషం పట్టలేక పొద్దున్నే చెప్పేశాను. అన్నా, నేను చూశాను, ఈ పెట్టె మీ అక్కకోసమే పుట్టింది, నీకు భుజం నొప్పి తప్పుతుంది, ఆదివారం నువ్వు పోకపోయినా ఆమె వాయించుకుంటుంది అని.

శాంతయ్య చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"నా భుజం సంగతి నిన్ను అడిగిన్యానా?"

"అట్ల కాదన్నా, నీకు సుఖం..."

"నీ పెట్టె అమ్ముడుపోవల్ల. దానికి మా యక్క చెయ్యి దొరికింది నీకు. అంతే గదా?"

సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

మంచి మాట చెప్తే ఇంత కోపమా? మనిషి మేలు కోరి చెప్పాను.


నవంబరు 20.

శాంతయ్య రాలేదు.


నవంబరు 22.

రాలేదు. నేను కోరింది ఆయన మేలేనా? కొంచెం నా మేలు కూడా. కొంచెం కాదు. నాకు సిగ్గుగా ఉంది.

ఇంకొకటి ఇప్పుడు తట్టింది. హనుమంతయ్యతో నీ విద్య అక్కర్లేదన్నాను. శాంతయ్యతో నువ్వే అక్కర్లేదన్నాను. ఎవరు కొనాలో వాళ్ల దగ్గరికే పోయి, నువ్వు అక్కర్లేదు అని చెప్పి అమ్మబోయాను. కరపత్రంలో ఉన్నది కూడా అదే మాట. బొంబాయి వాళ్లకు తెలియదు సరే, ఇక్కడ పుట్టి పెరిగిన నాకు ఏమైంది?


నవంబరు 25. సోమవారం.

శాంతయ్య వచ్చాడు. రీడ్ల డబ్బా ముందేసుకున్నాడు. నేను టీ తెప్పించాను. తప్పు నాదేనన్నా అన్నాను. "టీలో చక్కెర తక్కువుంది" అన్నాడు. అంటే కోపం తగ్గినట్టే.

బావ మనిషిని పంపాడు. జనవరి ఒకటికి రాకపోతే ఉద్యోగం వేరేవాళ్లకు ఇస్తారట. వస్తానని చెప్పి పంపాను.


డిసెంబరు 5.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు శాంతయ్య తల ఎత్తకుండా అన్నాడు. "అక్క ఒకతూరి చూస్తానంటాంది దాన్ని. నిన్న ఆదివారం సగం పాటలోనే నా చెయ్యి నిల్చిపాయ. అక్క ఏమన్ల్యా. ఏమన్నా అంటే బాగుండు."

ఆదివారం పోయి నాలుగు రోజులైంది కదా అని సరిచెయ్యబోయి నోరు మూసుకున్నాను. నేనూ నేర్చుకుంటున్నాను.


డిసెంబరు 8. ఆదివారం.

దానమ్మ టీచరమ్మ ఇంట్లో పెట్టె పెట్టాం. సెల్లులు వేసి, తాళాల బొత్తాలన్నీ ఆపేసి, ఆర్గను శబ్దం ఒక్కటే ఉంచాను. ఈసారి నేను ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆమె కుడిచెయ్యి మెట్ల మీద పెట్టి, వేలి కింద మెట్టు ఎలా దిగుతుందో చూసుకుంది. చిన్న పాట ఒకటి వాయించింది. వాయిస్తుంటే ఎదురుగా ఎవరూ లేరు. శాంతయ్య తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"చెయ్యికి హాయిగానే ఉంది నాయనా" అంది ఆమె నాతో. "కానీ ఒకటే తీరుగా మొత్తుకుంటాది. పాటకు ఊపిరుండొద్దా?"

అది నిజమే. హార్మోనియం ఉబ్బినట్టు ఇది ఉబ్బదు.

ఆమె తమ్ముడి వైపు చూసింది. "అయినా క్రిస్మస్‌కు ఇదే వాయిస్తా. నీ భుజానికి ఈ ఒక్క పండగన్నా సెలవు ఇస్తా శాంతూ" అంది.

ఆయన భుజం తడుముకున్నాడు.

ఒక్క పండగకు. అంటే కొంటారని కాదు. అయినా ఇవాళ్టికి ఇదే చాలు.


డిసెంబరు 25. బుధవారం. ఆళ్లగడ్డ.

సుబ్బలక్ష్మిని కూడా తీసుకొచ్చాను. చర్చి నిండా రంగు కాగితాలు, కొత్త బట్టలు. తలపాగా ఆయన కూడా ఉన్నాడు, టేపు అన్న ఆయన. నన్ను చూసి పక్కవాడితో ఏదో అన్నాడు. నేను కొత్త సెల్లులు వేశాను. మనసులో కరెంటు పోవాలని కోరుకున్నాను, అందరికీ తెలిసిరావాలని. ఎన్నడూ లేనిది, అది కూడా పోలేదు.

దానమ్మ టీచరమ్మ చాప మీద కూర్చుంది. మొదటి పాట ఎత్తుకున్నారు. మెట్లు బాగానే పలికాయి. కానీ జనం పాటను సాగదీసే చోట పెట్టె అదే గొంతుతో పోతోంది, వాళ్లు తగ్గితే ఇది తగ్గదు. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. అయిపోయింది, బేతంచెర్లకు మూట కట్టుకోవడమే అనుకున్నాను.

శాంతయ్య వెనక బెంచీలో కూర్చున్నాడు, ఇవాళ పని లేదు కదా. రెండో పాట మొదలైంది. ఆయన లేచాడు. నడిచి ముందుకు వెళ్లి, అలవాటైన తన చోట, అక్కకు ఎదురుగా కూర్చున్నాడు. లాగడానికి తిత్తి లేదు. పెట్టె మీద అటూ ఇటూ చూశాడు. శబ్దం పెంచే మీట ఉంది కదా, సన్నటి గాడిలో ముందుకూ వెనక్కూ జరిగేది, దాని మీద చూపుడువేలు పెట్టాడు. అక్క మొహం వంక చూశాడు.

ఆమె పీల్చింది. ఆయన మీట వెనక్కి లాగాడు. ఆమె విడిచింది. నెమ్మదిగా ముందుకు తోశాడు.

పాట ఉబ్బింది! నేను చెవులారా విన్నాను. పెద్దగా వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చింది, జనం ఎంత సాగదీస్తే అంత సాగింది. ఆడవాళ్ల గొంతులూ మగవాళ్ల గొంతులూ వచ్చి ఒకచోట కలిశాయి. దానమ్మ టీచరమ్మ మెట్ల మీదనుంచి తల ఎత్తి తమ్ముడి వైపు చూసి నవ్వింది. భుజం కదలకుండా, వేలు ఒక్కటే కదుపుతూ ఆయన చివరి పాట దాకా అట్లాగే కూర్చున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. నా కళ్లలో కూడా. సుబ్బలక్ష్మి కొంగు ఇచ్చింది.

బయటికి వచ్చాక తలపాగా ఆయన నా దగ్గరికి వచ్చాడు. "టేపు కాదులేప్పా" అన్నాడు.


డిసెంబరు 29. ఆదివారం.

సంఘపెద్దలు కూర్చుని పెట్టె కొని చర్చికి ఉంచుకోవాలని తేల్చారు. అయ్యగారు నంద్యాలకు కబురు పంపారు. అడిగిందల్లా ఒకటే, రిపేరు వస్తే శాంతయ్య చూస్తాడా అని. సాయంత్రం బస్సు దిగి వచ్చిన శాంతయ్య వైపు చూశాను.

"విప్పి చూస్తే గదా తెలిసేది. ఇంకోటి తెప్పీ" అన్నాడు.

బావకు ఏం చెప్పాలో రేపు ఆలోచిస్తాను. రేపెందుకు? రాను అని చెప్తాను.


డిసెంబరు 31.

కంపెనీకి టెలిగ్రాం ఇచ్చాను. ఇంకో పెట్టె పంపమని కూడా. జీపు అక్కర్లేదని రాద్దామనుకున్నాను గానీ టెలిగ్రాంలో మాటకింత తీసుకుంటారు.

డైరీ ఇవాళ్టితో అయిపోయింది.


జనవరి 4, 1986. శనివారం.

ముందు వదిలేసిన తెల్లకాగితాలు ఉన్నాయిగా! ఈ పేజీలో శుక్రవారం అని అచ్చయి ఉంది, కొట్టేసి శనివారం అని రాసుకున్నాను. ఆగస్టు దాకా ఇబ్బంది లేదు.

కరపత్రాలన్నీ పొయ్యిలో పడ్డాయి. ఒక అట్టముక్క మీద నేనే తెలుగులో రాసి అంగడి ముందు వేలాడదీశాను. కరెంటు పోయినా పాడుతుంది. ఒంటి చేత్తో వాయించవచ్చు. వాయించడం మాత్రం నేర్చుకోవలసిందే. ఇట్లా రాస్తే ఎవరైనా కొంటారా అంది సుబ్బలక్ష్మి. చూద్దాం అన్నాను.

కొత్త పెట్టె మధ్యాహ్నం పార్సెలులో వచ్చింది. వెంట మళ్లీ అదే పిల్ల, అదే సముద్రం.

సాయంత్రం భజనకు పోతూ హనుమంతయ్య మా అంగడి ముందు ఆగాడు. అట్ట చదివాడు. మూడో వాక్యం దగ్గర రెండుసార్లు చదివినట్టుంది. నాతో మాట్లాడకుండా లోపలికి వచ్చి, పెట్టె ముందు పీట లాక్కుని కూర్చున్నాడు. మెట్ల మీద ఒక రాగం ఎత్తుకున్నాడు. ఎంత బాగా వాయిస్తాడో! ఇన్నాళ్లూ ఆయన వాయిస్తుంటే నేను సరిగ్గా వినలేదు.

మధ్యలో ఆపి, చేతులు వెనక్కి తీసుకుని, మొహం చిట్లించి అడిగాడు.

"ఇంతకూ తిత్తి యాడుందప్పా దీనికి?"

నేను నోరు తెరిచేలోపల శాంతయ్య పని వదిలి లేచి వచ్చాడు. వచ్చి ఆయనకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఈడుంది" అని మీట మీద వేలు పెట్టాడు. "నువ్వు వాయించు."